కాంతిని పంచే లెక్క: ఫైబర్ నెట్‌వర్క్‌లో విభజన, సంకేత నాణ్యత

ఆప్టికల్ ఫైబర్ ద్వారా ఇంటర్నెట్, టెలిఫోన్, టెలివిజన్ సేవలు అందించే వ్యవస్థలో కేంద్రం నుంచి ప్రతి ఇంటికీ ఒక ప్రత్యేక తంతువు రాదు. కేంద్రం నుంచి బయలుదేరిన ఒకే తంతువులోని కాంతిని దారిలో స్ప్లిటర్ అనే చిన్న పరికరం 8, 16, 32 లేదా 64 పాయలుగా చీల్చి ఇళ్లకు పంచుతుంది. ఈ పంపకంలో ఒక్కో ఇంటికి దక్కిన కాంతి, సంకేతాన్ని తప్పుల్లేకుండా చదవడానికి సరిపోతుందా లేదా అన్నదే సంకేత నాణ్యతకు మూలం. వీధి మొదట్లోని ఇంట్లో నిరాటంకంగా పనిచేసే కనెక్షన్, అదే వీధి చివరి ఇంట్లో తరచుగా ఆగిపోవడానికీ మోడెమ్ మీద ఎర్ర దీపం మిణుకుమనడానికీ కారణం చాలాసార్లు ఈ లెక్కలోనే దొరుకుతుంది.

రేడియో ప్రసారాలకు అలవాటుపడిన వారికి ఇది మొదట వింతగా తోస్తుంది. ప్రసార కేంద్రం నుంచి వెలువడే తరంగాలను వెయ్యిమంది విన్నా, లక్షమంది విన్నా ఆ శక్తిలో తేడా రాదు. పక్కింట్లో రేడియో పెట్టినందువల్ల మన రేడియో గొంతు తగ్గదు. దీపంతో దీపాన్ని వెలిగిస్తే మొదటి దీపం తరగదన్న మాటా మనకు కొత్తది కాదు. ఫైబర్‌లోని కాంతి మాత్రం ఆ కోవకు చెందదు. అది కాలువ నీరు వంటిది. పాయలు పెరిగినకొద్దీ ఒక్కో పాయలో పారేది తగ్గుతుంది. కృష్ణా, గోదావరి డెల్టాలలో చివరి ఆయకట్టు రైతుకు తరతరాలుగా తెలిసిన కష్టమే ఇక్కడ చివరి చందాదారుకు ఎదురవుతుంది.

దారిలో విద్యుత్తు అక్కరలేని వ్యవస్థ

ఈ పద్ధతిని పాసివ్ ఆప్టికల్ నెట్‌వర్క్ అంటారు. సాంకేతిక సిబ్బంది నోట ఇది ‘పాన్’. కేంద్రంలో ఉండే ప్రధాన పరికరం ఓఎల్‌టీ. ఇంట్లో గోడకు బిగించే పరికరం ఓఎన్‌టీ. దీనినే జనం మోడెమ్ అనీ, వైఫై డబ్బా అనీ వ్యవహరిస్తారు. ఈ రెండింటికీ నడుమ విద్యుత్తుతో నడిచే పరికరం ఒక్కటీ ఉండదు. స్ప్లిటర్‌కు కరెంటు అక్కరలేదు, బ్యాటరీ అక్కరలేదు, దాదాపు నిర్వహణే అక్కరలేదు. స్తంభం మీది పెట్టెలోనో, భూమిలోని గుంతలోనో ఏళ్ల తరబడి ఉండగలదు. విద్యుత్ కోతలు మామూలైన ప్రాంతాల్లో ఇది సామాన్యమైన సౌలభ్యం కాదు. చవకగా లక్షల ఇళ్లకు ఫైబర్ చేరడానికి ఈ నిరాడంబరమైన పరికరమే ప్రధాన కారణం.

అయితే ఈ సౌలభ్యానికి చెల్లించవలసిన మూల్యం ఉంది. దారిలో విద్యుత్తు లేదు కనుక క్షీణించిన కాంతిని మళ్లీ పెంచే ఉపాయమూ సాధారణంగా ఉండదు. కేంద్రంలో లేజర్ పుట్టించిన కాంతితోనే మొత్తం సంసారం గడవాలి.

మన దేశంలో విస్తృతంగా వాడుకలో ఉన్నది జీపాన్ ప్రమాణం. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ దీనిని జి.984 సిఫారసుల శ్రేణిగా రూపొందించింది. కేంద్రం నుంచి ఇళ్లకు వచ్చే కాంతి తరంగదైర్ఘ్యం 1490 నానోమీటర్లు, ఇళ్ల నుంచి కేంద్రానికి పోయేది 1310 నానోమీటర్లు. కేబుల్ టెలివిజన్‌ను అదే తంతువులో కలిపి పంపదలచినప్పుడు 1550 నానోమీటర్ల తరంగాన్ని వాడతారు. మూడూ ఒకే గాజు పోగులో ఒకదానికొకటి అడ్డురాకుండా సాగుతాయి. మూడూ పరారుణ కాంతులే, కంటికి కనిపించవు.

డెసిబెల్ లెక్క

కాంతి నష్టాన్ని డెసిబెళ్లలో కొలుస్తారు. ఈ కొలమానం చూసి బెదరనక్కరలేదు, మూడు అంకెలు గుర్తుంటే చాలు. కాంతి సగమైతే 3 డెసిబెళ్ల నష్టం. పదో వంతు మిగిలితే 10, వెయ్యో వంతు మిగిలితే 30. దారిలోని నష్టాలన్నింటినీ హెచ్చవేయనక్కరలేకుండా కూడుకుంటే సరిపోవడం ఈ పద్ధతిలోని వెసులుబాటు. కాంతి బలాన్ని ఒక మిల్లీవాట్‌తో పోల్చి చెప్పేటప్పుడు ‘డీబీఎం’ అంటారు. కేంద్రంలోని లేజర్ 3 డీబీఎం ఇస్తోందంటే అది 2 మిల్లీవాట్లు. ఇంట్లోని ఓఎన్‌టీ మైనస్ 27 డీబీఎం వరకూ చదవగలదంటే 2 మైక్రోవాట్లతో సరిపెట్టుకోగలదన్న మాట. పంపిన కాంతిలో వెయ్యోవంతు చేరినా సినిమా ఆగకుండా సాగుతుంది. ఆ వెయ్యోవంతు కూడా చేరని ఇంట్లోనే ఎర్ర దీపం వెలుగుతుంది.

గాజుతో కాంతిని వంచి నడిపించే విద్యకు తొలి పునాదులు వేసినవారిలో పంజాబ్‌లోని మోగాలో జన్మించిన నరీందర్ సింగ్ కపానీ ఒకరు. 1954లో హెరాల్డ్ హాప్కిన్స్‌తో కలిసి ఆయన ‘నేచర్’ పత్రికలో ప్రచురించిన పత్రం గాజు పోగుల కట్ట ద్వారా బొమ్మను పంపవచ్చునని చూపింది. కాని ఆనాటి గాజులో కాంతి కొద్ది దూరంలోనే ఆవిరయ్యేది. 1966లో చార్లెస్ కావ్, జార్జ్ హాకమ్‌తో కలిసి రాసిన పత్రంలో, గాజులోని మలినాలను తొలగించి నష్టాన్ని కిలోమీటరుకు 20 డెసిబెళ్లలోపు తేగలిగితే టెలిఫోన్ సంకేతాలను కాంతితో పంపవచ్చునని వాదించారు. 1970లో అమెరికాలోని కార్నింగ్ సంస్థ శాస్త్రజ్ఞులు ఆ హద్దును దాటారు. కావ్‌కు 2009లో భౌతికశాస్త్ర నోబెల్ లభించింది. ఇప్పటి ఫైబర్‌లో నష్టం 1310 నానోమీటర్ల వద్ద కిలోమీటరుకు సుమారు 0.35 డెసిబెళ్లు, 1550 వద్ద సుమారు 0.2 మాత్రమే.

అంటే దూరం అనే శత్రువును శాస్త్రం దాదాపు జయించింది. విభజనను జయించలేదు, జయించలేదు కూడా. కాంతిని ఇద్దరికి సమానంగా పంచితే ఎంత గొప్ప పరికరమైనా 3 డెసిబెళ్లు పోవలసిందే. పరికరంలోని చిన్న లోపాలు కలిపితే ఆచరణలో అది సుమారు 3.5 అవుతుంది. నాలుగు పాయలకు సుమారు 7, ఎనిమిదికి 10.5, పదహారుకు 14కు కొంచెం తక్కువ, ముప్పైరెండుకు 17, అరవైనాలుగుకు 20 పైన. అరచేతిలో ఇమిడే 32 పాయల స్ప్లిటర్ ఒక్కటి మింగే కాంతి, 1310 నానోమీటర్ల వద్ద దాదాపు 50 కిలోమీటర్ల ఫైబర్ మింగే కాంతితో సమానం. ఊరు కేంద్రానికి దూరంగా ఉన్నందువల్లనే సేవ బాగులేదని చెప్పే మాటలో అందుకే సగం నిజమే ఉంటుంది.

ఒక వీధి బడ్జెట్

జీపాన్ పరికరాలలో ఎక్కువగా వాడే తరగతిని ‘బి ప్లస్’ అంటారు. కేంద్రానికీ ఇంటికీ మధ్య అనుమతించే గరిష్ఠ నష్టం ఇందులో 28 డెసిబెళ్లు. దీనిని ఇంజనీర్లు లాస్ బడ్జెట్ అంటారు. బడ్జెట్ అన్న మాట ఇక్కడ అలంకారం కాదు. ఉన్న డబ్బుతో నెల గడపడం వంటిదే ఈ లెక్క.

ఒక ఉదాహరణ చూద్దాం. కేంద్రం నుంచి 10 కిలోమీటర్ల దూరంలో ఒక వీధి ఉందనుకుందాం. తంతువులో నష్టం 3.5 డెసిబెళ్లు. దారిలో మొదట నాలుగు పాయల స్ప్లిటర్, వీధి దగ్గర ఎనిమిది పాయల స్ప్లిటర్ ఉన్నాయి. రెండూ కలిస్తే 32 ఇళ్లు, సుమారు 17.7 డెసిబెళ్లు. తంతువులను కరిగించి అతికిన స్ప్లైసింగ్ అతుకులు ఎనిమిది, ఒక్కొక్కదానికి 0.1 చొప్పున 0.8. బిగించి తీయదగిన కనెక్టర్లు నాలుగు. ఒక్కొక్కదానికి అర డెసిబెల్ చొప్పున 2. మొత్తం 24. చేతిలో మిగులు 4 డెసిబెళ్లు. ముందు ముందు కేబుల్ తెగి అతకవలసి వచ్చినా, పరికరాలు పాతబడి లేజర్ బలహీనపడినా, ఎండకూ చలికీ కనెక్టర్లు కాస్త సడలినా ఆదుకోవలసింది ఈ మిగులే.

ఇప్పుడు ఆ వీధిలో కొత్తగా ఒక ఇల్లు కట్టారు. ఎనిమిది పాయలూ నిండిపోయాయి. కొత్త తంతువు లాగడం ఖర్చు. పెట్టెలో ఒక పాయకు రెండు పాయల స్ప్లిటర్ తగిలిస్తే ఆ పూటకు పని జరిగిపోతుంది. కొత్త ఇంటికి సేవ వచ్చింది, పాత ఇంట్లోనూ ఆగలేదు, అందరూ సంతోషించారు. కాని ఆ పాయలోని పాత చందాదారు తనకు తెలియకుండానే 3.5 డెసిబెళ్లు, కొత్త కనెక్టర్‌తో కలిపి ఇంచుమించు 4 డెసిబెళ్లు కోల్పోయాడు. మిగులు సున్న అయింది. నెల తరువాత గాలికి కేబుల్ కాస్త వంగినా సేవ ఆగుతుంది. అప్పుడు వచ్చిన సిబ్బంది కేబుల్‌ను సరిచేసి వెళతారు. అసలు కారణం పెట్టెలోనే ఉండిపోతుంది. ఫైబర్ సేవలపై వచ్చే ‘అప్పుడప్పుడూ ఆగిపోతోంది’ అన్న ఫిర్యాదులలో ఈ రకం చాలా మొండిది. ఎవరూ తప్పు చేసినట్టు కనిపించదు, నష్టం మాత్రం ఒకరి ఇంట్లో స్థిరపడుతుంది.

ఇక్కడ ఒక సందేహం రావచ్చు. కాంతి సగమైతే వేగం సగం కావాలి కదా? కాదు. డిజిటల్ సంకేతం స్వభావం వేరు. కాంతి హద్దుకు పైన ఉన్నంతవరకూ పూర్తి వేగంతో పనిచేస్తుంది. హద్దు కిందికి జారగానే తప్పులు ఒక్కసారిగా పెరిగి కుప్పకూలుతుంది. జీపాన్ ప్రమాణం వెయ్యి కోట్ల బిట్లలో ఒక్క బిట్‌కు మించి తప్పు పోరాదని నిర్దేశిస్తుంది. తప్పులను సరిదిద్దే అదనపు సంకేతాలతో ఈ హద్దును కొంత సడలించవచ్చు గాని అంచు మాత్రం తప్పదు. అంచు దగ్గరి ఇంటికీ, అంచుకు చాలా ఎగువనున్న ఇంటికీ మామూలు రోజుల్లో తేడా కనిపించదు. లోపం దాగి ఉండడానికి అదే కారణం.

వేగం పంపకం వేరే లెక్క. జీపాన్‌లో కేంద్రం నుంచి దిగువకు వచ్చే మొత్తం వేగం సెకనుకు 2.488 గిగాబిట్లు, ఎగువకు 1.244. దీనిని స్ప్లిటర్ కింది ఇళ్లన్నీ పంచుకోవాలి. 32 ఇళ్లూ ఏకకాలంలో పూర్తిగా వాడితే ఇంటికి సుమారు 78 మెగాబిట్లు, 64 ఇళ్లయితే 39. వాస్తవంలో అందరూ ఒకే క్షణంలో వాడరు కనుక ఎక్కువే దక్కుతుంది. రాత్రి తొమ్మిదింటికి మాత్రమే నెమ్మదించే కనెక్షన్‌కు వేగం పంపకం కారణమై ఉండవచ్చు; పగలూ రాత్రీ భేదం లేకుండా తెగిపోయేదానికి కాంతి పంపకాన్ని అనుమానించాలి.

ఎగువ దారిలోనూ అదే సుంకం

దిగువకు వచ్చే సమాచారం అన్ని ఇళ్లకూ చేరుతుంది. ఎవరి ఓఎన్‌టీ వారి భాగాన్ని మాత్రమే విప్పుకుంటుంది. ఇతరులది చదవకుండా గుప్తీకరణ కాపాడుతుంది. ఎగువకు పంపేటప్పుడు ఇళ్లు వంతుల వారీగా మాట్లాడతాయి. 20 కిలోమీటర్ల దూరాన్ని దాటడానికి కాంతికి గాజులో సెకనులో పదివేలవ వంతు పడుతుంది కనుక, ఏ ఇల్లు ఎంత దూరంలో ఉందో కొలిచి ఓఎల్‌టీ ప్రతి ఇంటికీ సరైన క్షణాన్ని కేటాయిస్తుంది.

ఎగువ దారిలో పాయలు కలుస్తున్నాయి గనుక నష్టం ఉండదని అనుకోవడం సహజం. అది నిజం కాదు. స్ప్లిటర్‌లో పైకి వెళ్లే కాంతి కూడా కిందికి వచ్చే కాంతి కోల్పోయినంతా కోల్పోతుంది. 32 పాయల స్ప్లిటర్ గుండా పైకి పంపిన కాంతిలో ముప్పైరెండోవంతే కేంద్రం వైపు తంతువులో ప్రవేశిస్తుంది, మిగతాది చెదిరిపోతుంది.

వంతుల ఈ ఏర్పాటులో ఒక బలహీనత ఉంది. చెడిపోయిన ఓఎన్‌టీ ఒకటి తన వంతు కాని సమయంలో కూడా కాంతిని విడుస్తూ ఉంటే ఆ స్ప్లిటర్ కింది ఇళ్లన్నిటి మాటా కేంద్రానికి వినపడదు. సభలో ఒకరు మైకు వదలకపోతే ఏమవుతుందో అదే. ఇటువంటి పరికరాన్ని పట్టుకోవడానికి కొన్నిసార్లు ఒక్కొక్క ఇంటి తీగనూ తీసి చూడవలసి వస్తుంది.

ధూళి, వంపు, రంగు కనెక్టర్లు

బలం ఉన్నంత మాత్రాన నాణ్యత ఉన్నట్టు కాదు. కాంతి మరీ ఎక్కువైనా ప్రమాదమే. బి ప్లస్ తరగతిలో ఓఎన్‌టీకి మైనస్ 8 డీబీఎం మించిన కాంతి చేరితే గ్రాహకం ఉక్కిరిబిక్కిరి అవుతుంది. కేంద్రం పక్కనే ఉన్న ఇంటికి కావాలనే నష్టాన్ని కలిపే అటెన్యుయేటర్‌ను తగిలించడం ఇందువల్లనే.

సింగిల్ మోడ్ ఫైబర్‌లో కాంతి నడిచే గర్భం వ్యాసం సుమారు 9 మైక్రాన్లు, తల వెంట్రుకలో అనేక వంతులు తక్కువ. కనెక్టర్ మొనపై కంటికి కనిపించని ధూళి కణం ఒకటి చాలు, ఒక స్ప్లిటర్ చేసినంత నష్టం చేయడానికి. విప్పిన కనెక్టర్‌ను చొక్కా అంచుతో తుడిచి మళ్లీ బిగించే అలవాటు మన వీధుల్లో కనిపిస్తుంది. ప్రత్యేకమైన తుడుపు సాధనం ఖరీదు, ఆ అలవాటు వల్ల మళ్లీ మళ్లీ వచ్చిపోయే ప్రయాణ ఖర్చుతో పోల్చితే స్వల్పం. ఆకుపచ్చ కనెక్టర్ మొన 8 డిగ్రీల ఏటవాలుగా, నీలి కనెక్టర్ మొన ఏటవాలు లేకుండా ఉంటుంది. ఒకదానిలో మరొకటి దూరుతాయి గాని మొనలు కలవవు. మధ్యలో మిగిలిన సందులో కాంతి పోతుంది, కొంత వెనక్కి తిరుగుతుంది.

వంపు మరో చిక్కు. సాధారణ జి.652 ఫైబర్‌ను సుమారు 30 మిల్లీమీటర్ల వ్యాసార్ధం కంటే బిగువుగా చుట్టరాదు. ఇళ్లలోపల వాడడానికి వచ్చిన జి.657 రకం 10 లేదా 7.5 మిల్లీమీటర్ల వరకూ ఓర్చుకుంటుంది. వంపులో పొడవైన తరంగాలే ముందుగా బయటికి జారిపోతాయి. అందుచేత 1550 నానోమీటర్ల మీద టీవీ వచ్చే ఇళ్లలో ఇంటర్నెట్ బాగానే ఉండి బొమ్మ మాత్రం చెడిపోతే, తలుపు సందులోనో మూలమలుపులోనో తీగ నలిగిందేమో చూడాలి. ఆ టీవీ సంకేతానికి డేటా కంటే ఎంతో ఎక్కువ కాంతి కావలసి ఉండడం కూడా దీనికి తోడవుతుంది.

వరుసగా ఉన్న ఊళ్లకు అసమాన వాటాలు

పట్టణంలో ఇళ్లు గుంపుగా ఉంటాయి. సమాన విభజన సరిపోతుంది. రహదారి వెంట వరుసగా ఐదు ఊళ్లు ఉన్నప్పుడు సంగతేమిటి? ప్రతి ఊరి దగ్గర కాంతిని సగం సగం చేసుకుంటూ పోతే మొదటి ఊరికి 50 శాతం, రెండో ఊరికి 25, మూడో ఊరికి 12.5, ఐదో ఊరికి 3 శాతం చిల్లర మిగులుతుంది. దీనికి బదులు ప్రతి ఊరిలో పదో వంతు తీసుకుని తొమ్మిది వంతులు ముందుకు వదిలే అసమాన స్ప్లిటర్ వాడితే, మొదటి ఊరికి 10 శాతం, ఐదో ఊరికి 6.5 శాతం పైన దక్కుతుంది. మొదటి ఊరు కొంత వదులుకుంది, చివరి ఊరి వాటా రెట్టింపయింది. కాలువ తూములకు కొలతలు నిర్ణయించిన ఇంజనీర్లు ఎరిగిన న్యాయమే ఇది. తేడా ఒక్కటే: తూముకు తలుపు ఉంటుంది, స్ప్లిటర్‌కు ఉండదు. ఎవరూ వాడని పాయలోకి కూడా కాంతి నిరంతరం పోతూనే ఉంటుంది. భవిష్యత్తులో రాబోయే చందాదారుల కోసం 64 పాయల స్ప్లిటర్ బిగించి పది ఇళ్లకే సేవ ఇస్తే, ఆ పది ఇళ్లూ 64 పాయల సుంకం చెల్లిస్తూనే ఉంటాయి.

మన దేశంలో

గ్రామ పంచాయతీలను ఫైబర్‌తో కలపడానికి కేంద్ర ప్రభుత్వం 2011 అక్టోబరులో నేషనల్ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్‌ను ఆమోదించింది. ఇదే తరువాత భారత్‌నెట్ అయింది. జిల్లా నుంచి బ్లాకు వరకు ప్రభుత్వ రంగ సంస్థల వద్ద అప్పటికే ఉన్న ఫైబర్‌ను వాడుకుని, బ్లాకు నుంచి పంచాయతీల వరకు కొత్త కేబుల్ వేయాలన్నది ప్రణాళిక. బ్లాకులో ఓఎల్‌టీ, పంచాయతీలో ఓఎన్‌టీ, నడుమ స్ప్లిటర్లు. ఈ జీపాన్ పరికరాలను ప్రభుత్వ పరిశోధన సంస్థ సీ-డాట్ దేశీయంగా రూపొందించింది. ఎంత విశాలమైన పథకమైనా ఈ చెట్టు ఆకారపు అమరికలో కొమ్మ ఒకచోట తెగితే ఆపైనున్న పంచాయతీలన్నీ చీకటిలో పడతాయి. రహదారి విస్తరణలో తవ్వే యంత్రం ఒకటి చాలు. 2023 ఆగస్టులో 1,39,579 కోట్ల రూపాయలతో ఆమోదం పొందిన సవరించిన భారత్‌నెట్, బ్లాకుకూ పంచాయతీలకూ మధ్య వలయాకారపు అమరికను ఎంచుకుంది. ఒక వైపు తెగితే సంకేతం రెండో వైపు నుంచి చేరుతుంది. అయితే వలయం తీర్చేది తెగిన కేబుల్ సమస్యను. పంచాయతీ నుంచి ఇంటి గడప వరకు స్ప్లిటర్లతో వెళ్లే చోట డెసిబెళ్ల లెక్క అలాగే ఉంటుంది.

ఆంధ్రప్రదేశ్ మరో దారి తొక్కింది. తవ్వకం ఖర్చు లేకుండా విద్యుత్ స్తంభాల మీదుగా ఫైబర్ లాగి, 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించింది. స్థానిక కేబుల్ ఆపరేటర్లే ఇళ్లకు సేవలు చేరవేసే ఏర్పాటు ఇందులో ఉంది. స్తంభాల మీది కేబుల్‌ను త్వరగా, చవకగా వేయవచ్చు. గాలివాన, చెట్టు కొమ్మ, తుపాను దానికి పొంచి ఉన్న ఆపదలు. తెలంగాణ మిషన్ భగీరథ నీటి గొట్టాల కోసం తవ్విన కందకాలలోనే టీ-ఫైబర్ గొట్టాలను వేసింది. తవ్వకం ఒక్కటే, ప్రయోజనం రెండు.

జీపాన్ తరువాతి తరం ఎక్స్‌జీఎస్-పాన్ రెండు దిశల్లోనూ సెకనుకు 10 గిగాబిట్ల వేగాన్ని ఇస్తుంది. దిగువకు 1577, ఎగువకు 1270 నానోమీటర్లను వాడుతుంది కనుక పాత జీపాన్‌తో కలిసి అదే తంతువులో, అవే స్ప్లిటర్ల గుండా నడవగలదు. రెండు చివరల పరికరాలు మారతాయి, నడుమనున్నది మారదు. ఇవాళ స్తంభం మీద బిగించే స్ప్లిటర్ ఎన్ని పాయలదన్నది రేపటి తరం వేగానికీ వర్తించే నిర్ణయం.

చందాదారు చూడగలిగినది

కాంతి బలాన్ని కొలవడానికి సిబ్బంది ఆప్టికల్ పవర్ మీటర్ వాడతారు. తంతువులో ఎక్కడ ఎంత నష్టమున్నదో దూరంతో సహా చూపే పరికరం ఓటీడీఆర్. ఇది కాంతి స్పందనను పంపి వెనక్కి చెదిరి వచ్చిన దానిని చదువుతుంది. కేంద్రం వైపు నుంచి పరీక్షిస్తే స్ప్లిటర్ దాటిన తరువాత అన్ని పాయల ప్రతిధ్వనులూ కలగలిసిపోతాయి కనుక, ఇంటి వైపు నుంచి పరీక్షించడం తరచుగా తేలిక. తీగ విప్పిన చోట కాంతి ఉందో లేదో చూడాలని మొనలోకి తొంగిచూడరాదు. కంటికి కనిపించని ఆ కాంతి, ముఖ్యంగా టీవీ కోసం బలం పెంచినది, కంటికి హాని చేయగలదు.

చాలా ఓఎన్‌టీల సెట్టింగుల పేజీలో అందుతున్న కాంతి బలం డీబీఎంలలో కనిపిస్తుంది. మైనస్ గుర్తు తరువాతి అంకె పెద్దదయ్యేకొద్దీ కాంతి తక్కువ. మైనస్ 20 ప్రాంతంలో ఉంటే నిశ్చింత, మైనస్ 25 దాటితే మిగులు కరుగుతున్నట్టు, 27 దగ్గర అంచు. కనెక్షన్ ఇచ్చిన రోజున ఈ అంకెను రాసి ఉంచుకోవడం మేలు. తరువాత ఒకనాడు మూడు నాలుగు డెసిబెళ్లు తగ్గినట్టు తేలి, ఇరుగుపొరుగు ఇళ్లలోనూ అంతే తగ్గి ఉంటే ఎగువన ఎక్కడో కొత్త స్ప్లిటర్ చేరిందని గాని, ఉమ్మడి అతుకు చెడిందని గాని అనుమానించవచ్చు. ఒక్క ఇంట్లోనే తగ్గితే స్తంభం నుంచి గోడ వరకు ఉన్న తీగనూ, దాని రెండు మొనలనూ ముందుగా చూడాలి.